'అంటరాని వసంతం'ను నైతిక విమర్శ పద్ధతిలో ఎట్టా చదవాలి?

ప్రశ్న: నెల్లూరులో ఎం.ఏ. తెలుగు చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకి జి. కల్యాణరావు గారి దళిత నవల 'అంటరాని వసంతం' తీసుకున్నాను. గైడ్ గారు నైతిక సాహిత్య విమర్శ పద్ధతిలో రాయమన్నారు. దొరికిన రెండు వ్యాసాలు చదివితే పాత్రల మంచిచెడ్డలు చెప్పడం తప్ప ఏమీ కనపడలేదు. ఎల్లన్న మంచివాడు, ఊరి పెద్దలు చెడ్డవాళ్ళు అని రాసుకుంటూ పోతే పది పేజీలు కూడా వచ్చేటట్టు లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అమ్మా, మీ గైడ్ గారు చూపించింది మంచి దారే. మీరు చదివిన వ్యాసాలే దారి తప్పినట్టున్నాయి. పాత్రలకి మార్కులు వేసే పని మనవాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నారు. చలం 'మైదానం'లో రాజేశ్వరి ఇల్లు వదిలి వెళ్ళడం తప్పా ఒప్పా అని వాదించుకున్నవాళ్ళకి లెక్కేలేదు. ఆ వాదాలన్నీ వరసబెట్టి చదివితే వాదించినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ పరిస్థితి ఎట్టా ఉండేదో తెలుస్తుంది గానీ, నవల గురించి కొత్తగా తెలిసేది తక్కువ. మీ ప్రాజెక్టు ఆ బాపతు కాకూడదు.

ఈ పద్ధతి ఎక్కడిదో క్లుప్తంగా చెప్తాను. సాహిత్యం మనిషిని బాగుచేస్తుందా, పాడుచేస్తుందా అనే తగువు ప్లేటో నాటిది. మన కాలానికి వస్తే అమెరికాలో వేన్ బూత్ 1988లో, మార్తా నస్‌బామ్ 1990లో దీన్ని మళ్ళీ చర్చకి తెచ్చారు. పుస్తకం మనకి ఎలాంటి స్నేహితుడు, దానితో గడిపినంతసేపు మనం ఎలాంటివాళ్ళం అవుతున్నాం అని బూత్ అడిగాడు. తత్వశాస్త్రం సూత్రాల్లో పెట్టలేని కొన్ని నైతిక సత్యాలు నవల రూపంలోనే చెప్పడానికి వీలవుతాయని నస్‌బామ్ వాదించింది. మీ గైడ్ గారు మాత్రం బహుశా చైనా పండితుడు నియే జెన్‌జావ్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉంటారు. 2004 నుంచి ఆయన 'నైతిక సాహిత్య విమర్శ' అనే పేరుతోనే ఒక పద్ధతిని ప్రతిపాదించి, దానికి కావలసిన పనిముట్లు తయారుచేశాడు. పాత్ర ఉన్న నైతిక స్థానం, ఆ సమాజంలోని నిషేధాలు, పాత్ర చేసిన ఎంపిక, ఆ ఎంపిక జరిగిన కాలం తాలూకు నైతిక వాతావరణం. ప్రధానంగా ఈ నాలుగు పట్టుకుంటే మీకు చాలు. మెదడులో ఉండే పాఠం అంటూ ఆయన తర్వాత చేర్చినవి ఎం.ఏ. ప్రాజెక్టుకి అక్కర్లేదు.

'నైతిక స్థానం' అంటే ఏమిటని ఆయన వ్యాసాల్లో వెతుక్కుంటూ టెన్షన్ పడకండి. మన సభాపర్వంలోనే ఉంది. ద్రౌపదిని జూదపు సభకి రమ్మన్నప్పుడు ఆమె జూదం ధర్మమా అధర్మమా అని అడగలేదు. ధర్మరాజు ముందు తనను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని అడిగింది. ముందు తనే ఓడి దాసుడైపోయినవాడికి భార్యని పందెం పెట్టే అధికారం ఎక్కడిది? పందెం పెట్టిన క్షణంలో ఆయన రాజా, భర్తా, దాసుడా? ఒకే మనిషి, ఒకే పని. కానీ ఏ స్థానంలో నిలబడి చేశాడన్నదాన్నిబట్టి ఆ పనికి అర్థమే మారిపోతుంది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమంటూ తప్పుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడిన గ్రీకు నాటకంలోని రాజు ఈడిపస్ కథతో నియే చేసింది కూడా ఇంచుమించు ఇదే. ఫ్రాయిడ్ అక్కడ కోరికని చూస్తే ఈయన స్థానాలు తారుమారు కావడాన్ని చూశాడు. కొడుకే భర్త, తండ్రే అన్న. నిషేధాలు తెగిపోయి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియని స్థితి. ఆ నాటకంలోని విషాదమంతా అదేనన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నియే గట్టిగా పట్టుబట్టే షరతు ఒకటుంది. ఈనాటి నీతిని తీసుకెళ్ళి ఆనాటి పాత్రల నెత్తిన రుద్దొద్దు, కథ జరిగిన కాలంలోకి వెళ్ళి అక్కడి వాతావరణంలో ఆ ఎంపికను అర్థం చేసుకో అంటాడు. తీర్పులు చెప్పే విమర్శకీ తన పద్ధతికీ తేడా అదేనంటాడు. వినడానికి బాగుంటుంది, చాలావరకు నిజమే కూడా. కానీ 'అంటరాని వసంతం' చదివేటప్పుడు ఈ షరతుని ఉన్నదున్నట్టు పాటిస్తే పెద్ద ఇబ్బందిలో పడతారు. మీ ప్రాజెక్టుకి సరుకు దొరికేదీ అక్కడే.

కరువు కాలంలో ఎల్లన్న కొడుకు శివయ్య, అతని భార్య శశిరేఖ తమ ఊరు ఎన్నెల దిన్ని వదిలి పొట్ట చేతబట్టుకుని వెళ్ళే భాగం తీయండి. బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు, అక్కడ పని దొరుకుతుంది అన్న ఆశతో పోతారు. అప్పటికే పని చేస్తున్న పైకులాల కూలీలు వీళ్ళ కులం తెలియగానే తరిమేస్తారు. ఒక్కసారి ఆ గట్టు మీద నిలబడి చూడండి. తరిమినవాళ్ళు జమీందార్లు కాదు, కరణాలు కాదు. వాళ్ళూ కరువుకి ఊళ్ళొదిలి, ఆ పూట కూలి దొరక్కపోతే పిల్లలకి గంజి కూడా పోయలేనివాళ్ళు. ఆకలిగా ఉన్నవాడు ఆకలిగా ఉన్నవాణ్ణి తరిమాడు. పెద్దలంతా చెడ్డవాళ్ళు అన్న మీ వాక్యం ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

కావలిలో పాఠం చెప్పే రోజుల్లో ఈ ఘట్టం క్లాసులో చదివించాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "వాళ్ళని తప్పుబట్టేదానికి లేదు సార్, ఆ కాలంలో అంతే గదా" అన్నాడు. నియే చెప్పిన షరతునే, ఆ పేరు కూడా వినని పిల్లవాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. నేను ఏదో అనేలోపే ముందు వరసలో ఒకమ్మాయి వెనక్కి తిరిగి, "ఆ కాలంలో శివయ్యా ఉన్నాడు గదా. ఆయనకీ అంతేలే అనిపించిందా?" అని అడిగింది. తర్వాత క్లాసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది, నేను రాసుకెళ్ళిన నోట్సు తీయలేదు.

ఆ అమ్మాయి చెప్పినదాన్ని సిద్ధాంతం భాషలో పెట్టడమే మీ పని. 'ఆనాటి నైతిక వాతావరణం' అనగానే మనం తరిమినవాళ్ళ నమ్మకాలని మొత్తం కాలానికి అంటగడతాం. దెబ్బలు తిన్నవాళ్ళు కూడా ఆ కాలం మనుషులే, వాళ్ళకీ ఒక న్యాయం ఉంది. అది గ్రంథాలకెక్కలేదు, అంతే తేడా. చరిత్రలోకి వెళ్ళమన్నప్పుడు రెండు వైపులా వెళ్ళాలి.

ఇంకో సంగతి. చరిత్ర సాకులే ఇస్తుందని అనుకోవద్దు, సాక్ష్యం కూడా ఇస్తుంది. మీరు నెల్లూరులో ఉన్నారు కాబట్టి ఈ భాగం మీకు తేలిక. మన పెద్దవాళ్ళు ధాత కరువని చెప్పుకునేది 1876–78 కరువునే. ఉత్తరాన పెదగంజాం దగ్గర్నుంచి మన తీరం పొడవునా మద్రాసు దిశగా సాగే కాలువ పని అప్పుడు కరువు పనిగా జరిగింది. కాలువకి ఆ పేరు అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువుది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మనవాళ్ళ నోట క్లౌ దొర, ఈ కాలువలో మూడున్నర మైళ్ళ పనిని తనే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి తవ్వించాడు. వేరేచోట పనిలోకి వెళ్ళినా బతకనివ్వని మనుషులకి అక్కడ పని దొరికింది. అంటే అదే కరువులో, అదే కాలువ మీద, కులం అడగకుండా పార చేతికివ్వడం సాధ్యమైంది. ఇది తెలిశాక 'ఆ కాలంలో అంతే' అనే మాట నిలవదు. ఇంకో దారి ఉంది. కొందరు అటు నడిచారు, కొందరు నడవలేదు. ఎంపిక అనేది ఉన్నట్టు రుజువైతేనే గదా నైతిక విమర్శకి పని!

ఒక జాగ్రత్త. నవలలో శివయ్యని చేరదీసే మార్టిన్ కల్పిత పాత్ర. క్లౌ చరిత్రలో మనిషి. నవలది మాలల కుటుంబం, క్లౌ దగ్గర చేరినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మార్టినే క్లౌ అన్నట్టు ఒకదాన్ని తెచ్చి ఇంకోదానికి అతికించొద్దు. చరిత్ర మీకు ఆ కాలంలో ఏమేం వీలైందో చెప్పడానికే. నవలకి 'ఆధారం' చూపించడానికి కాదు.

మతం మారడం గురించి కూడా వైవాలో తప్పకుండా అడుగుతారు. అన్నం కోసం మారారు, అందులో నైతిక ఎంపిక ఏముంది అంటారు. క్లౌ విషయంలో తెలిసిన సంగతి ఒకటి చెప్పండి. కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని. తిరిగి మొదలుపెట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నవలలోకి వస్తే, శివయ్య అటు ఎందుకు వెళ్ళాడు అన్న ప్రశ్నని నేనైతే తిప్పి వేస్తాను. వెళ్ళడానికి ఆయనకి మిగిలిన తలుపులెన్ని? ఊళ్ళో నీళ్ళు లేవు, కాలువ మీద పని లేదు. తెరిచి ఉన్న తలుపు ఒక్కటే అయినప్పుడు అందులోంచి వెళ్ళినవాడి చిత్తశుద్ధిని పరీక్షించడం, మిగతా తలుపులు మూసినవాళ్ళ జోలికి పోకపోవడం విమర్శకుడి పక్షపాతం. దీని మీద ఒక అధ్యాయమే రాయొచ్చు.

ఇక నిషేధం. నియేతో నేను ఏకీభవించనిది ఇక్కడే, మీరూ కాస్త తెగించాలి. ఆయన లెక్కలో నిషేధాలు నైతిక వ్యవస్థకి పునాది. మనిషి జంతువు నుంచి విడిపోయింది కొన్ని పనులు చేయకూడదని తెలుసుకున్నాకే అంటాడు. స్ఫింక్స్‌ని గుర్తుగా చూపిస్తాడు. మనిషి తల, జంతువు ఒళ్ళు. తల అదుపు చేస్తే నీతి, ఒళ్ళు తిరగబడితే పతనం. ఈడిపస్ కథకి ఇది సరిగ్గా అతుకుతుంది. మరి ఎన్నెల దిన్నిలో? అక్కడ నిషేధమంటే ముట్టుకోవద్దు, దగ్గరికి రావద్దు, మా నీళ్ళు తాకొద్దు. బాగోతం చూడ్డానికి ఆశపడి దగ్గరికి వెళ్ళిన చిన్నపిల్లవాడు ఎల్లన్నని తరమడం ఆ నిషేధాన్ని కాపాడటమే. సిద్ధాంతాన్ని గుడ్డిగా వాడితే తరిమినవాళ్ళు వ్యవస్థని నిలబెట్టినవాళ్ళు, పిల్లవాడు హద్దు దాటినవాడు అవుతారు!

దీన్నుంచి బయటపడటానికి నాకు తోచిన దారి చెప్తాను, నచ్చితే వాడుకోండి. నిషేధం బరువు ఎవరి మీద పడుతోందో చూడండి. ఈడిపస్ నాటకంలో నిషేధం రాజుకీ వర్తిస్తుంది. అతిక్రమించిన రాజే కళ్ళు పోగొట్టుకుని ఊరు వదిలాడు. అంటరానితనంలో అలా కాదు. ముట్టుకోవడమంటే ఇద్దరు కలిస్తేనే జరిగే పని, కానీ దెబ్బలు పడేది ఒకడికి, స్నానంతో పోయేది ఇంకొకడికి. అందర్నీ కట్టిపడేసేది నైతిక నిషేధం. ఒక వైపే కట్టి రెండో వైపు లాభపడేది అధికారం, నీతి వేషం కట్టుకుని వచ్చిన అధికారం. ఈ తేడా పట్టుకుంటే నియే స్ఫింక్స్ కూడా మీకు పనికొస్తుంది, కాకపోతే తిరగబడి. కాలువ గట్టు మీద నిషేధాన్ని పాటించినవాళ్ళలోనే జంతువు బయటపడింది.

సుభద్ర పార ఎత్తే ఘట్టం దీనికి కొనసాగింపు. మాలల చేలకి నీళ్ళు రానివ్వకుండా ఆపినప్పుడు ఆమె గట్టు తెగ్గొడుతుంది. ఆ పేజీలు పైకి చదవండి, మీకే తెలుస్తుంది. అక్కడ ఆమె ఏ స్థానంలో ఉంది? ఎల్లన్న భార్యా, చేను దున్నుకునే రైతా, ఊరి లెక్కలో అంటరానిదా? ఊరు ఆమెకి మూడో స్థానం ఒక్కటే ఇచ్చింది. ఆమె రెండోదాంట్లో నిలబడి పార వేసింది. ద్రౌపది లాగా సభని ప్రశ్న అడిగే వీలు కూడా ఆమెకి లేదు. ప్రకాశం జిల్లావాళ్ళకి ఈ నీళ్ళ తగువు నవలలోనే ఆగదు. 1985లో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద జరిగిన ఘోరం కూడా మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవే. నవల వచ్చింది 2000లో. మధ్యలో ఉన్న పదిహేనేళ్ళని పాఠకుడు మర్చిపోయి చదవలేడు, చదవాల్సిన పనీ లేదు. నియే కథ కాలం గురించి చెప్తాడు గానీ దాన్ని చదివే ఊరి గురించి అంతగా పట్టించుకోడు. మీరు పట్టించుకోండి.

కథ ఎవరు చెప్తున్నారన్నది కూడా నైతిక ప్రశ్నే, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇక్కడ చెప్పేది రూతు జ్ఞాపకం. తను చూడని అత్తింటి పెద్దల కథని భర్త రూబేను నోట విని, తన జ్ఞాపకంగా చేసుకుని చెప్తుంది. రికార్డుల్లేని కుటుంబానికి జ్ఞాపకమే దస్తావేజు. అంతేకాదు, ఎల్లన్న, నాగన్న లాంటి కళాకారుల పాటకీ ఆటకీ మన సాహిత్య చరిత్రల్లో చోటెందుకు లేదని ఈ నవల మళ్ళీమళ్ళీ నిలదీస్తుంది. ఆ నిలదీత మీకూ నాకూ తగులుతుంది. తెలుగు ఎం.ఏ. సిలబస్‌లో మీరు చదివిన సాహిత్య చరిత్ర ఏదో తీసి, ఉరుము అనే వాద్యం వాయిస్తూ ఆడే ఉరుముల నృత్యం గురించి ఎన్ని వాక్యాలున్నాయో చూడండి. అది మీ ప్రాజెక్టులో ఒక పేరా.

నవలని నెత్తిన పెట్టుకోమని కాదు. తొలి తరాల కథలో ఉన్న నిదానం చివరి తరాలకి వచ్చేసరికి నాకు కనపడలేదు. విప్లవోద్యమంలోకి వెళ్ళే కుర్రాళ్ళ దగ్గర నవల తొందరపడింది. శివయ్య ఎంపికలో ఉన్న నలుగుబాటు వాళ్ళ ఎంపికలో తక్కువ. వాళ్ళు వెళ్ళడం సరైందా కాదా అన్నది కాదు నేను అడిగేది. వెళ్ళే ముందు రాత్రి వాళ్ళకి నిద్ర పట్టిందా అని. నవల ఆ రాత్రిని చూపించకుండా తన నమ్మకాన్ని చూపించింది. ఇది నా అభిప్రాయం, మీకు అట్టా అనిపించకపోతే పేజీ నంబర్లతో నన్ను ఖండించండి. ఎక్స్‌టర్నల్ ఎవరైనా "ఇది ప్రచార నవల గదమ్మా" అంటే కోపం తెచ్చుకోకుండా, ఎక్కడ ఎంపికని చూపించిందో, ఎక్కడ తేలిగ్గా దాటేసిందో రెండూ చెప్పండి. నవలని వెనకేసుకురావడం కన్నా అది గట్టి సమాధానం.

రాసేటప్పుడు సిద్ధాంతం అధ్యాయంతో మొదలుపెట్టొద్దు. అట్టా మొదలుపెడితే నలభై పేజీలు నియే, బూత్ అయిపోయి నవల ఆఖర్న మూడు పేజీల్లో ఇరుక్కుంటుంది. ముందు కాలువ ఘట్టం ఒక్కటే తీసుకోండి. తరిమినవాళ్ళ స్థానం, శివయ్య స్థానం, మార్టిన్ ఎంపిక. ఈ మూడింటి మీద ఎనిమిది పేజీలు రాయండి. తర్వాత సుభద్ర, ఆ తర్వాత నిషేధం మీద వాదన. ఇవన్నీ అయ్యాక ఏ పనిముట్టు ఎక్కడ వాడారో మీకే తెలుస్తుంది కాబట్టి సిద్ధాంతం అధ్యాయం రెండు రోజుల్లో అవుతుంది. గైడ్ గారు వరస మార్చమంటే బైండింగ్‌కి ఇచ్చే ముందు మార్చుకోవచ్చు. పుస్తకం దొరక్కపోతే 2010లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంతో సరిపెట్టుకోవద్దు, తెలుగుదే సంపాదించండి. సుభద్ర గట్టు దగ్గర నవల వాడిన వాక్యాలు మీకు యథాతథంగా కావాలి.